కోరల సందులో జంటచాపలు

నవరత్నాలు పొదిగిన బంగారు కలశాలతో, చందనపు స్తంభాలతో, ముత్యాల జాలర్లతో, పట్టు పరదాలతో, చూసేవాళ్ళ కళ్ళు బైర్లు కమ్మేట్టు వెలిగిపోతున్న ‘జగన్మోహిని’ మహానౌక కనకశృంగ రాజ్యపు రేవు విడిచి పదమూడు రోజులైంది. ఆ పదమూడు రోజుల్లో అది తిన్నగా నడిచింది మొదటి అరగంట మాత్రమే. అదీ రేవులో జనం తాళ్ళు కట్టి లాగినంతసేపు.

ఆ ఓడలో నాట్యమండపం ఉంది. మూడు వంటశాలలున్నాయి. సముద్రం మీద ఊరేగడానికి రెండు పల్లకీలున్నాయి. యువరాజు చిత్రకిరీటి తన అందం తాను చూసుకోవడానికి నాలుగు గోడలా అద్దాలు బిగించిన గది ఉంది. వింజామరలు వీచేవాళ్ళు, పాదాలొత్తేవాళ్ళు, యువరాజు తుమ్మితే ‘చిరంజీవ’ అనడానికే జీతం తీసుకునే పెద్దమనుషులిద్దరు, వెరసి నూట పన్నెండు మంది ఉన్నారు. ఇంతమందిలో సముద్రం సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. అందులో ఒకణ్ణి వంటశాలలో ఉల్లిపాయలు తరగడానికి కూర్చోబెట్టారు. రెండోవాడి చేతికి గొడుగిచ్చి యువరాజు వెనక నిలబెట్టారు.

ఇంతకీ ఈ సంబరమంతా రాజముద్రిక కోసం. ఎర్రకోర దీవిలో ఉండే కుళీరుడనే మాంత్రికుడు ఆరు నెలల కిందట గద్ద రూపంలో వచ్చి మహారాజు వేలి నుంచి ముద్రిక తన్నుకుపోయాడు. ముద్ర పడనిదే శాసనం చెల్లదు. కనుక ఆరు నెలలుగా కనకశృంగ రాజ్యంలో కొత్త శాసనం లేదు, కొత్త పన్ను లేదు, కొత్త యుద్ధం లేదు. జనం కడుపునిండా తిని కంటినిండా నిద్రపోయారు. ఇంతటి ఘోర విపత్తు నుంచి ప్రజలను కాపాడాలని సభలో అందరూ కన్నీరు పెట్టుకుంటే, యువరాజు మీసం మెలేసి ఓడెక్కాడు.

గొడుగు పట్టినవాడికి ముద్రికతో పనిలేదు. వాడి పేరు ఎల్లమంద. వాడికి కావలసింది వాడి అక్క.

ఎల్లమంద, అక్క మంగతాయి రేవులో ఓడల తెరచాపలు కుట్టి బతికేవాళ్ళు. తల్లీ తండ్రీ లేని ఎల్లమందకు సూదిలో దారం ఎక్కించడం నేర్పింది అక్కే, అన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టిందీ అక్కే. గాలి లేకపోయినా నడిచే మాయచాప కుట్టమని కుళీరుడు మంగతాయిని ఎత్తుకుపోయాడు. “నీలాంటి వెధవకి గోనెసంచి కూడా కుట్టను” అని ఆమె వాడి మొహం మీదే చెప్పింది. దాంతో వాడు ఆమెను దీవి ముంగిట ఒక రాతి మీద నిలబెట్టి మంత్రం వేశాడు. రోజుకింత చొప్పున పాదాల నుంచి పైకి ఆమె ఒంటిని పగడం కమ్ముకొస్తోంది. రెండో అమావాస్యకు అది నోరూ ముక్కూ మూసేస్తుంది. ఆ రెండో అమావాస్య ఇంక రెండు రోజులే ఉంది.

ఈ సంగతి ఎల్లమందకు చెప్పింది సరంగు పేరయ్య. ఉల్లిపాయలు తరుగుతున్న ముసలాడు అతనే. నెలన్నర కిందట అతని వర్తకపు ఓడ దారితప్పి ఆ దీవి వైపు పోయింది. మోకాళ్ళ దాకా పగడమైపోయిన మంగతాయి రాతి మీద నుంచి కేకలేసి తన కథంతా చెప్పింది. ఆ ఓడ రాళ్ళకు కొట్టుకుని ముక్కలైతే, పేరయ్య ఒక్కడు పలక పట్టుకుని బతికి బయటపడ్డాడు. దారి తెలిసినవాడని రాజుగారు అతన్ని ఓడ ఎక్కించారు. ఎక్కించాక, దారి గురించి నోరు విప్పినందుకు వంటశాలకు పంపారు.

చాపలు కుట్టే ఎల్లమంద గొడుగు పట్టుకుని నిలబడడానికి కారణం ఆ రాజ్యపు ఆచారం. రాజనౌక నడిమిస్తంభానికి కట్టే పెద్దచాప మీద మహారాజు భద్రశృంగుడి ముఖం జరీదారంతో కుట్టి ఉంటుంది. దాన్ని ముఖచాప అంటారు. అందులో ప్రతి కుట్టూ వేసింది ఈ అక్కాతమ్ముళ్ళే. పని పూర్తయిన మర్నాడే దండోరా వేయించారు. రాజుగారి ముక్కులో సూది గుచ్చిన పాపిష్టివాళ్ళు ఆ చాప ఉన్న ఓడ ఎక్కకూడదట, ఎక్కితే తల తీసేస్తారట. అందుకని ఎల్లమంద మేకవెంట్రుకల మీసం అతికించుకుని, పెద్ద పాగా చుట్టుకుని, ఛత్రధారిగా కొలువులో చేరాడు.

ముఖచాపకు ఇంకో రెండు నియమాలున్నాయి. రాజు ముఖానికి ముందు మరో చాప నిలవకూడదు. సముద్రం మీద ముఖచాపను దించకూడదు. దించితే రాజు చచ్చిపోయినట్టే లెక్క, ఓడలో అందరూ గుండు గీయించుకోవాలి. ఈ నియమాలు రాసిన మంత్రిపుంగవుడు జన్మలో పడవెక్కి ఎరగడు. ఎక్కి ఉంటే ఇలా రాసేవాడు కాదు, రాయడానికి మిగిలేవాడూ కాదు.

పదమూడో రోజు పొద్దున్నే గాలి సరిగ్గా ఓడ వీపుకు తిరిగింది. వెనక నుంచి వీచే గాలి ముఖచాప నిండా పట్టగానే ఓడ తోక ఇటు తిరిగి, అటు తిరిగి, కల్లు తాగి ఇంటికి పోయేవాడిలా నడక సాగించింది. చాప కింది దూలం ఈ పక్క నుంచి ఆ పక్కకు విసురుగా కొట్టింది. మొదటి దెబ్బకు నాట్యమండపం పైకప్పు లేచిపోయింది. రెండో దెబ్బకు బంగారు కలశాలు నీళ్ళపాలయ్యాయి. మూడో దెబ్బకు ‘చిరంజీవ’ అనే పెద్దమనుషులిద్దరూ ఎగిరి సముద్రంలో పడ్డారు. వాళ్ళను వల వేసి లాగుతుండగా యువరాజు తుమ్మాడు. అనేవాళ్ళు లేక పాపం ఆ తుమ్ము వృథా అయిపోయింది.

“ఎవడక్కడ! ఈ ఓడకేం రోగం?” అని యువరాజు స్తంభాన్ని కౌగలించుకుని గర్జించాడు.

“ప్రభూ, తమ సౌందర్యం చూసి సముద్రుడు పరవశంతో ఊగిపోతున్నాడు” అన్నాడు ఆస్థాన పురోహితుడు. ఆయన తాడు పట్టుకుని బోర్లా పడుకుని ఉన్నాడు.

“పరవశమూ లేదు, పాడూ లేదు” అంటూ పేరయ్య ఉల్లిపాయల కత్తితోనే పైకొచ్చాడు. “ఎనక గాలికి నడిమి చాప పనికిరాదు బాబూ. బండికి ఎద్దుల్ని ముందు కడతామా, ఎనకనించి తోయిత్తామా? ఓడని ముక్కు పట్టుకు లాగాలి. ముక్కు కాడ రెండు చాపలు కట్టండి, ఎడం పక్కకోటి, కుడి పక్కకోటి. రెండూ అచ్చంగా ఒకే కొలత ఉండాల. వాటి తాళ్ళు తెచ్చి చుక్కాని కర్రకి కట్టండి. ఓడ ఎడమకి తిరిగిందనుకో, ఎడం చాప మీద గాలెక్కువ పడి దాని తాడు కర్రని ఎడమకి లాగుద్ది. కర్ర ఎడమకి పోతే ఓడ కుడికొచ్చేత్తది. చుక్కాని పట్టే మనిషే అక్కర్లేదు.”

“చుక్కాని పట్టడానికి మాకు ఎనిమిదిమంది భటులున్నారు” అన్నాడు యువరాజు ఈసడింపుగా.

“ఉన్నారు. రేపు కోరల సందులోకి ఎల్లాక ఉండరు” అని పేరయ్య కుడిచెయ్యి ఎత్తి చూపించాడు. చిటికెనవేలూ, దాని పక్కవేలూ ఎర్రటి పగడం ముక్కలు. “ఆ సందు రెండు ఓడల ఎడల్పు. అటూ ఇటూ కోరల్లాంటి రాళ్ళు. గాలి ఎనకనించి తప్ప రాదు, పక్కకి తిప్పుకోడానికి చోటుండదు. దీవి మీద కూకుని కుళీరుడు చుక్కాని మీద చెయ్యెవరిదా అని చూత్తాడు. చూసిన చెయ్యి పగడమైపోద్ది. నేను గబుక్కున తీశాను కాబట్టి రెండు వేళ్ళతో పోయింది. అందుకని చుక్కాని మీద చెయ్యే ఉండకూడదు.”

ఇంత వివరంగా చెబితే గొడ్డుకైనా అర్థమవుతుంది. యువరాజుకు అర్థమైంది ఒక్కటే. “మా తండ్రిగారి ముఖం ముందు గుడ్డలు కడతావా? ఆయనకు వీపు చూపించే గుడ్డలు! ఈ ముసలాణ్ణి మళ్ళీ ఉల్లిపాయల దగ్గరికి తోలండి” అన్నాడు.

ఎల్లమందకు ఒళ్ళు మండిపోయింది. అక్క గొంతు దాకా పగడమొచ్చి ఉంటుంది ఈ పాటికి. ఆమెకూ తనకూ మధ్య అడ్డుగా ఉన్నది సముద్రం కాదు, మాంత్రికుడు కాదు. ఒక గుడ్డ మీద తానే కుట్టిన ముక్కు, దాన్ని పూజించే ఒక దద్దమ్మ. కోపం చూపిస్తే పని చెడుతుందని వాడు పళ్ళు బిగించి, గొడుగు సరిచేస్తూ యువరాజు చెవి దగ్గర వినయంగా వంగాడు.

“ప్రభూ, మూర్ఖుణ్ణి, అడగొచ్చో లేదో. ముఖచాప దిగితే రాజుగారు పోయినట్టేనటగా. అప్పుడు ఓడలో ఉన్న యువరాజుగారు ఏమవుతారండీ?”

యువరాజు ఒకసారి చాప వంక చూశాడు, ఒకసారి తన అద్దాల గది వంక చూశాడు. తర్వాత గొంతు బొంగురు చేసుకుని అన్నాడు. “పురోహితా, పొద్దుటి నుంచి మా తండ్రిగారి ఆరోగ్యం గురించి మాకెందుకో బెంగగా ఉంది.”

పురోహితుడు బోర్లా పడుకున్న చోటే పరిస్థితి గ్రహించాడు. “నేను తమతో ఎలా చెప్పాలా అని కుమిలిపోతున్నాను ప్రభూ! ఇందాక ఒక సముద్రపక్షి మహారాజు కుడికంట్లో రెట్ట వేసింది. శాస్త్రంలో దానికి ఒకటే అర్థం.”

“అయ్యో తండ్రీ!” అన్నాడు యువరాజు. ఒక్క కంట్లోంచి ఒక్క చుక్క రాలింది. రెండో చుక్కకు ఆగకుండా పెట్టె తెప్పించి కిరీటం తీశాడు. తల కొలతకు సరిగ్గా చేయించిన కిరీటం. ఎప్పుడు చేయించాడో, ప్రయాణపు సామానులో ఎందుకు పెట్టుకున్నాడో మనం అడగకూడదు. ముఖచాప దిగింది. అక్కడ రాజధానిలో భోంచేసి తాంబూలం వేసుకుంటున్న మహారాజు భద్రశృంగుడు, సముద్రం మీద ఆ విధంగా స్వర్గస్థుడయ్యాడు. కొడుకు తల మీద కిరీటం పెట్టుకుని, ఊగే ఓడలో నిలబడలేక, దూలానికి తనను తాను తాడుతో కట్టించుకుని పట్టాభిషేకం చేసుకున్నాడు.

తర్వాత గుండ్ల కార్యక్రమం మొదలైంది. ఊగే ఓడలో మంగలికత్తి ఎలా నడుస్తుందో ఊహించుకోవచ్చు. చెవులు మిగిలినవాళ్ళు అదృష్టవంతులు. వరసలో ఎల్లమంద వంతు వచ్చేసరికి మంగలి మీసం పట్టుకోగానే అది మొత్తంగా ఊడి చేతిలోకి వచ్చింది. పాగా జారింది. “వీడు చాపలు కుట్టే ఎల్లమంద! రాజుగారి ముక్కులో సూది గుచ్చినవాడు!” అని ఎవడో అరిచాడు. నలుగురు భటులు కత్తులు దూసి వాడి మెడ మీద పెట్టారు.

తన తల పోతే పోనీ, అక్క సంగతేమిటి? ఎల్లమంద గబగబా అన్నాడు. “మహారాజా, నేను సూది గుచ్చింది పోయినాయన ముక్కుకి. మీ ముక్కు జోలికి నేను పోలేదు. మీ ముఖం కుట్టిన చాప ఇంకా పుట్టనే లేదు. కనక దానికి ముందు చాప కట్టినా నేరం కాదు. మీరు రాజయ్యాక కట్టే మొదటి చాపలు జంటచాపలైతే, ఏ రాజుకీ లేనిది మీకున్నట్టు.”

ఏ రాజుకీ లేనిది అనగానే కొత్త మహారాజు మొహం విప్పారింది. “రెండు చాపలు! మాకు రెండు! వాణ్ణి వదలండి. కుట్టించండి” అని ఆజ్ఞాపించాడు. కత్తులు దిగాయి. భటులు మెడ మీద పడిన గాటుకు పసుపు కూడా అద్దారు.

రాజవిహారం కోసం తెచ్చిన రెండు డేరాలు చింపి, ఎల్లమంద మూడు మూలల చాపలు రెండు కోశాడు. ఒకదాని మీద ఒకటి పరిచి, మూడు అంచులూ సరిగ్గా కలిసేదాకా కత్తిరించాడు. ఆ పూటంతా, మర్నాడు పొద్దెక్కేదాకా వాడి చేతిలో సూది ఆగలేదు. అరచేతిలో తోలు చిరిగి రక్తం కారింది, అయినా ఆపలేదు. ఓడ ముక్కు నుంచి స్తంభం కొన దాకా లావాటి మోకు బిగించి, దానికి రెండు చాపలూ ఎత్తారు. పల్లకీల బొంగులు ఊడబీకి, ఒక కొన స్తంభానికి, రెండో కొన చాప మూలకు కట్టి, చెరోవైపుకు బారచాపినట్టు నిలబెట్టారు. ఆ బొంగులు పుట్టి బుద్ధెరిగాక ఒక పనికొచ్చే పని చేయడం అదే మొదలు. చాపల తాళ్ళు కప్పీల మీదుగా వెనక్కు తెచ్చి చుక్కాని కర్రకు కట్టాక, పేరయ్య భటులతో “వదిలెయ్యండి” అన్నాడు.

భటులు వదల్లేదు. వదిలితే ఓడ మునిగిపోతుందని వాళ్ళ నమ్మకం. పట్టుకుని వాళ్ళు ఇంతవరకు చేసిన ఘనకార్యం ఏమిటో వాళ్ళకే తెలియాలి. పేరయ్య పగడపు వేళ్ళతో ఒక్కొక్కడి నెత్తిన మొట్టి వదిలించాడు.

ఓడ ఎడమకు ఒక జానెడు తిరిగింది. ఎడమ చాప బిర్రబిగుసుకుంది, తాడు కర్రను లాగింది, ఓడ దానంతటది తిన్నగా వచ్చింది. కుడికి తిరిగింది, కుడి తాడు లాగింది, మళ్ళీ తిన్నగా వచ్చింది. ఎవరూ పట్టుకోకుండానే చుక్కాని కర్ర అటూ ఇటూ మెల్లగా కదులుతుంటే, పేరయ్య దాని ముందు చతికిలబడి చూస్తూ ఉండిపోయాడు. అతని గడ్డం తడిసింది.

అయితే జంటచాపలకు ఒక గుణం ఉంది. ఓడ తిన్నగా పోతుంది కాని, ఉయ్యాలలా ఈ పక్కకూ ఆ పక్కకూ ఒరుగుతూ పోతుంది. పనివాళ్ళకు అది పెద్ద లెక్కలోది కాదు. పరివారం మాత్రం వరసగా ఓడ అంచు మీదికి వాలి, పదమూడు రోజుల విందుభోజనాలు సముద్రానికి అప్పజెప్పింది. పురోహితుడు వాంతికీ వాంతికీ మధ్య కొత్త రాజు కీర్తిని ఆశువుగా వర్ణించాడు. ఆ మనిషి ఓర్పును మాత్రం మెచ్చుకోక తప్పదు.

మధ్యాహ్నానికి కోరల సందు వచ్చింది. నల్లగా, తడిగా, నిలువెత్తు తాటిచెట్లంతేసి రాళ్ళు రెండు పక్కలా నోరు తెరిచి నిలబడ్డాయి. వాటి మధ్య నీళ్ళు తెల్లగా ఉడుకుతున్నాయి. రాళ్ళకు ఇదివరకటి ఓడల పలకలు, తాళ్ళు, ఎవరిదో చెప్పు వేలాడుతున్నాయి. జగన్మోహిని ఆ నోట్లోకి దూసుకుపోయింది. ఎడమ రాయి చెయ్యి చాస్తే అందేంత దగ్గరికి వచ్చి వెనక్కు పోయింది, కుడి రాయి వచ్చి పోయింది. చాపలు రెండూ నిండుగా, సమానంగా లాగుతున్నాయి. చుక్కాని మీద ఒక్క చెయ్యి లేదు.

సందు చివర ఎర్రగా దీవి కనిపించింది. దాని కొన మీద నుంచి నిప్పుకణికల్లాంటి చూపు ఒకటి ఓడ మీదికి వచ్చింది. ఆ చూపు చుక్కాని దగ్గర ఆగి, చెయ్యి కోసం వెతికింది. కర్ర చుట్టూ తిరిగింది, కర్ర కింద చూసింది. ఏమీ దొరక్క తికమకపడింది. ఎన్నో మంత్రాలు నేర్చిన కుళీరుడికి ఒకటి తోచలేదు, చెయ్యి లేకుండా కూడా పని జరగవచ్చునని. జన్మంతా ఎవడి చెయ్యో విరిచి బతికినవాడికి ఎలా తోస్తుంది?

అంతా చక్కగా జరుగుతోందంటే, అక్కడ ఒక మహారాజు ఉన్నాడన్న సంగతి మరిచిపోయినట్టే. చిత్రకిరీటి దూలం నుంచి తాడు విప్పించుకుని, కిరీటం సర్దుకుని, చుక్కాని వైపు నడిచాడు.

“దేవరా, దాని జోలికి పోవద్దు!” అని పేరయ్య కేకేశాడు.

“రేపు శిలాశాసనం మీద ఏమని చెక్కిస్తాం? ఓడ తనంతట తానే వచ్చిందనా? దీవి చేరేవేళ చుక్కాని రాజు చేతిలో ఉండాలి” అని అతగాడు రెండు చేతులా కర్ర కొసను గట్టిగా పట్టుకున్నాడు.

దీవి మీది చూపుకు వెతుకుతున్నది దొరికింది. టప్‌మన్న చప్పుడుతో రాజుగారి పదివేళ్ళూ పగడమైపోయాయి. పగడం చేతుల నుంచి కర్రకు పాకింది. రాజుగారి బరువంతా వేలాడేసరికి కర్ర కదలకుండా బిగుసుకుపోయింది. ఓడ ఎడమకు తిరిగి, తాడు లాగినా వెనక్కు రాక, నేరుగా రాయి మీదికి పోసాగింది. ఎల్లమంద గొడ్డలి అందుకుని పరుగెత్తాడు. రాజు అది తన చేతుల కోసమనుకుని కెవ్వుమన్నాడు. ఎల్లమంద తాళ్ళు కట్టిన చోటు తప్పించి, పగడం ఇంకా చేరని చోట, కర్ర మీద మూడు దెబ్బలు వేశాడు. కొస విరిగింది. కొత్త మహారాజు ఆ ముక్కను రెండు చేతులా పట్టుకునే వెల్లకిలా పడ్డాడు. మిగిలిన మొండికర్రను ఎడమ తాడు లాగింది, ఓడ గిరుక్కున తిరిగింది. రాయి పక్కనుంచి గీరుకుంటూ పోతే అద్దాల గది మొత్తం ఊడి నీళ్ళలో పడింది. అది ఎవరికీ నష్టం కాదు.

“మా చేతులు! రాజ్యమంతా వైద్యుల్ని పిలిపించండి!” అని రాజు నడిసముద్రంలో ఆజ్ఞాపించాడు. పిలవడానికి ఎవరూ పోలేదు.

“చాపలు దించే తాళ్ళ కాడికి రా అబ్బీ” అన్నాడు పేరయ్య. “సందు దాటగానే రెండూ ఒక్కసారే దించాల. తరవాత తెడ్లేసుకుని రేవులోకి పోదాం.” ఇద్దరూ స్తంభం దగ్గర చెరో ముడి మీద చెయ్యి వేసి నిలబడ్డారు. సందు ముగిసింది. ఎదురుగా, ఓడ ముక్కుకు సూటిగా, రాయి కనిపించింది. రాతి మీద మంగతాయి ఉంది.

పాదాల నుంచి గడ్డం దాకా ఎర్రటి పగడం. దాని పైన అక్క మొహం, అవే కళ్ళు. ఎల్లమందకు ఏడుపు ఆగలేదు. “అక్కా!” అని అరిచాడు.

“అరవకు, వినపడుతోంది. చెవులింకా మిగిలే ఉన్నాయి” అంది మంగతాయి. కళ్ళు చిట్లించి చాపల వంక చూసింది. “అవి నువ్వే కుట్టావా? ఎడందాని అంచు చూడు, కుక్క పీకినట్టుంది. అంచుకి రెండు వరసలు ఎయ్యాలని తెలీదూ?”

“పొద్దు చాల్లేదక్కా.”

ఆమె వెనక నుంచి కుళీరుడు లేచాడు. ఎర్రటి జడలు, పీత డెక్కల్లాంటి చేతులు, వేలికి రాజముద్రిక. మీసాల చాటున నవ్వుతూ అన్నాడు. “భేష్ కుర్రాడా! చక్కగా వచ్చావు. మరీ చక్కగా వచ్చావు. ఇలాగే వస్తే నీ ఓడ ముక్కే నీ అక్కను నలిపేస్తుంది. చాపలు దించు. దించి, నా కాళ్ళ మీద పడి, ఆ మాయచాప నువ్వు కుట్టు. రేపు అమావాస్య గడవకముందే దీన్ని విడిచిపెడతాను.”

పేరయ్య ముడి విప్పబోయాడు.

“దించకండి!” అంది మంగతాయి. “వీడిది మాట మీద నిలబడే మొహమా? ఒరే, విను. ఈ రాయి లోపలంతా గుల్ల. రెండు నెలల్నించి నిలబడున్నాను, నాకు తెలీదా? అల కొట్టినప్పుడల్లా నా అరికాళ్ళ కింద ఖాళీ కడవలా మోగుద్ది. వీడు మంత్రమేసింది రాతికి. రాయి పగిలితే మంత్రమూ పగులుద్ది. తెడ్లేసుకుని మెల్లగా వస్తే పగలదు, ఇదే ఊపులో రావాల.”

“గుల్ల కాకపోతేనో అక్కా?”

“కాకపోతే ఆ అంచు కుట్టు చూసి సిగ్గుతో చచ్చిపోయాననుకో.”

కుళీరుడు పగలబడి నవ్వాడు. ఎల్లమంద చెయ్యి ఇంకా ముడి మీదే ఉంది. ముడి విప్పితే అక్క రేపటి దాకా ఉంటుంది. విప్పకపోతే ఈ క్షణం దాకానే ఉంటుందో, నూరేళ్ళూ ఉంటుందో తెలియదు. జంటచాపలు రెండూ నిండుగా, సమానంగా, ఇసుమంతైనా తొణక్కుండా ఓడను ఆమె మీదికే తీసుకుపోతున్నాయి. అవి అంత తిన్నగా నడుస్తాయని పొద్దున వాడికి ఎంత గర్వంగా ఉందో, ఇప్పుడు అంత భయంగా ఉంది.

“తాతా, ముడి మీద చెయ్యి తియ్యి” అన్నాడు ఎల్లమంద. తన చెయ్యి కూడా తీసేశాడు.

కుళీరుడి నవ్వు ఆగిపోయింది. ఓడ వంక చూశాడు, చాపల వంక చూశాడు, ఖాళీగా ఉన్న చుక్కాని వంక చూశాడు. మూడు లోకాలనూ గడగడలాడించిన ఆ మహామాంత్రికుడు జడలు విరబోసుకుని, పంచె ఎగ్గట్టి, రాతి మీద నుంచి నీళ్ళలోకి దూకాడు. మంగతాయి వాడి వంక తిరిగి కూడా చూడలేదు. ఆమె కళ్ళు తమ్ముడి మీదే ఉన్నాయి. ఓడ ముక్కుకూ ఆమెకూ మధ్య ఇంక ఒక్క అలే మిగిలింది.